మామిడి దుంగ, మొద్దు మీద పుట్టగొడుగులు: మన ఎండలకు, మన చెదలకు తగ్గట్టు ఎలా పెంచాలి?

"అన్నా, బాయికాడ నరికిన మామిడి మొద్దున్నది, దానిమీద పుట్టగొడుగులు పెంచొచ్చా?" అటూఇటూగా ఇదే ప్రశ్న కొల్లాపూర్ నుంచి, నల్లగొండ నుంచి, మిర్యాలగూడ నుంచి ప్రతి వానాకాలం వస్తూనే ఉంది. పెంచొచ్చు. కానీ యూట్యూబ్‌లో చూసింది ఉన్నదున్నట్టు చేస్తే మాత్రం రావు. ఆ వీడియోలు ఎక్కువగా చలిదేశాలవి. అక్కడ దుంగకు విత్తనం పెట్టి చెట్టుకింద ఆనించి వదిలేస్తారు, ఏడాదికో ఏడాదిన్నరకో కాపు వస్తుంది. మన దగ్గర అట్లా వదిలేసిన దుంగ రోహిణి కార్తె దాటేసరికి ఎండి పొయ్యిలోకి తయారవుతుంది. లేదంటే చెదలు దాన్ని లోపల డొల్ల చేసి పైన బెరడు మిగులుస్తాయి.

కాబట్టి ఇక్కడ పనంతా రెండు విషయాల మీదే: దుంగలో తడి ఆరిపోకుండా చూడటం, చెదలకు అందకుండా పాతడం. డ్రిల్లు, మైనం లాంటివన్నీ ఆ తర్వాతే.

ఒక మాట ముందే. ఇది ఇంటికి, పక్కింటికి సరిపోయే పద్ధతి. ఏడెనిమిది కిలోల దుంగ నుంచి, అది పూర్తిగా చివికిపోయేదాకా అన్ని కాపులూ కలిపి కిలో పుట్టగొడుగులు వస్తే బాగా వచ్చినట్టే. అమ్ముకుని సంపాదించాలంటే వరిగడ్డి సంచుల్లో పెంచే పద్ధతే నయం. మూడు నాలుగు వారాల్లో కాపు మొదలవుతుంది, లెక్క కూడా తేలుతుంది. దుంగల పద్ధతికి ఓపిక కావాలి. ఒకసారి కుదిరితే మాత్రం రోజువారీ పని తక్కువ.

ఏ రకం వేయాలి?

ఆయిస్టర్ వేయండి. మనవాళ్లు ముత్యపుచిప్ప పుట్టగొడుగు అనేది దీన్నే. ఇందులో తెల్లది (ఫ్లోరిడా), బూడిదరంగుది (సాజర్ కాజు) మన శీతాకాలానికి బాగా సరిపోతాయి. నవంబరు నుంచి జనవరి దాకా రాత్రి చలి, పగలు 30 డిగ్రీల లోపు ఎండ వీటికి చాలు. గులాబీ రంగు ఆయిస్టర్ ఇంకాస్త వేడిని ఓర్చుకుంటుంది కానీ, కోసిన మర్నాటికే వాడిపోతుంది.

షిటాకే అడిగేవాళ్లు చాలామంది. దానికి ఓక్ లాంటి గట్టి కట్టె, బాగా చల్లటి వాతావరణం కావాలి. పాలమూరు ఎండలో ఆరుబయట షిటాకే గురించి ఆలోచించకండి. పాల పుట్టగొడుగు మన వేడికి బ్రహ్మాండంగా వస్తుంది. కాకపోతే దాన్ని గడ్డి మీద పెంచి పైన మట్టి కప్పాలి, దుంగ మీద కాదు. ఇక తొలకరి వానలకు పుట్టల మీద వచ్చేవాటిని పెంచలేమా అంటే, లేం. అవి చెదపురుగుల గూడును ఆసరా చేసుకుని బతుకుతాయి. చెదలు లేకుండా వాటిని పండించే దారి లేదు.

ఏ కట్టె పనికొస్తుంది?

మామిడి మొదటి ఎంపిక. జూన్‌లో కాయ కోత అయ్యాక తోటల్లో కొమ్మలు కత్తిరిస్తారు కదా, ఆ కొమ్మలే సరైన లావు, సరైన సమయం. సుబాబుల్, నిద్రగన్నేరు (ఇది విషపు గన్నేరు కాదు, వేరే చెట్టు), తురాయి, మేడి కూడా పనికొస్తాయి. మునగ, బూరుగు చాలా మెత్తన. తొందరగా కాస్తాయి, అంతే తొందరగా చివికిపోతాయి. మొదటిసారి చేసేవాళ్లు మామిడివి నాలుగు, సుబాబుల్‌వి రెండు పెట్టుకుంటే ఏది ఎట్లా వస్తుందో తెలుస్తుంది.

వేప, టేకు వద్దు. బూజును, పురుగును ఆపే గుణం వాటి కట్టెలోనే ఉంది, మనకు కావలసిందేమో బూజు, అంటే కట్టెలో తెల్లగా అల్లుకునే పుట్టగొడుగు దారాలు, పాకడం. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ బాగా గట్టివి, మొదటిసారి వాటి జోలికి పోకండి. గన్నేరు, ముష్టి లాంటి విషపు చెట్ల కట్టె ఏ పరిస్థితిలోనూ వాడొద్దు.

నల్లగొండ వైపు బత్తాయి తోటలు తీసేసినప్పుడు కట్టె కుప్పలుగా దొరుకుతుంది. ఇక్కడ రెండు చూసుకోవాలి. నిలబడి ఎండిపోయిన చెట్టయితే దానిలో అప్పటికే వేరే బూజు చేరి ఉంటుంది, మీ విత్తనానికి చోటుండదు. రెండోది, బత్తాయి మొదళ్లకు బోర్డో పేస్ట్ పూస్తారు. అది బూజును చంపడానికే పూసే మందు. నీలం కలిసిన తెల్ల పూత కనిపించిన భాగం వదిలేసి, పచ్చిగా ఉన్నప్పుడు కొట్టిన పై కొమ్మలే తీసుకోండి. మందులు ఈ మధ్యే కొట్టిన తోటయితే అసలు వద్దు.

పుట్టగొడుగుల కోసం పచ్చని చెట్టును కొట్టకండి. సొంత పొలంలోదైనా చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి కావాలి, కొన్ని జాతులకే మినహాయింపు. నల్లమల అడవి నుంచి ఒక్క కట్టె తెచ్చినా కేసే. తోటలో కత్తిరించిన కొమ్మలు, గాలివానకు పడ్డ చెట్లు, కరెంటు తీగల కింద నరికిన కొమ్మలు ఉండనే ఉన్నాయి.

ఏమేం కావాలి?

దుంగలు: 10 నుంచి 15 సెంటీమీటర్ల లావు, 75 సెంటీమీటర్ల పొడవు, బెరడు ఎక్కడా లేవకుండా. ఆరు చాలు.
విత్తనం (స్పాన్): జొన్న లేదా గోధుమ గింజల మీద పెంచింది దొరుకుతుంది. ఆరు దుంగలకు కిలో సరిపోతుంది.
డ్రిల్ మిషన్, 12 ఎంఎం చెక్క బిట్. మీ దగ్గర లేకపోతే వడ్రంగి దగ్గరికి దుంగలు తీసుకెళ్లండి.
కొవ్వొత్తుల మైనం లేదా తేనెమైనం అరకిలో, పాత గిన్నె, పాత బ్రష్.
చిన్న కంకర, దొడ్డు ఇసుక, గోనె సంచులు, వరిగడ్డి.
నీడ: దట్టమైన చెట్టు కింద, లేదా 75 శాతం షేడ్ నెట్.
సరుకులు తూచే కాటా. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, కానీ మొదటి మూడు నెలలు దుంగలో తడి సంగతి మీకు ఉన్నదున్నట్టు చెప్పేది ఇదొక్కటే.

స్పాన్ కోసం, శిక్షణ కోసం దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. నల్లగొండ జిల్లాలో కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్ వైపు పాలెం, వనపర్తి వైపు మదనాపురం ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కూడా వాకబు చేయవచ్చు. తెచ్చుకునేటప్పుడు పొద్దున్నే బయలుదేరండి. స్పాన్ సంచిని బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా పనులు చూసుకుని వస్తే, ఇంటికి చేరేది చచ్చిన విత్తనమే. తెల్ల, బూడిదరంగు రకాల స్పాన్‌ను ఫ్రిజ్ కింది అరలో కొన్ని వారాలు ఉంచవచ్చు. గులాబీ రంగుది ఫ్రిజ్‌లో పెడితే చలికి చచ్చిపోతుంది, దాన్ని తెచ్చిన వెంటనే వాడేయండి.

పని మొదలుపెడదాం

1. కొట్టిన దుంగను కొన్నాళ్లు ఆగనివ్వండి. ఈ రోజు కొట్టి ఈ రోజే విత్తనం పెట్టొద్దు. పచ్చి కట్టెలో ప్రాణం ఇంకా ఉంటుంది, బూజును అది పాకనివ్వదు. నీడలో, రాళ్ల మీద, పైన ఆకుల కొమ్మలు కప్పి 10 నుంచి 15 రోజులు ఉంచండి. వీడియోల్లో నెల, రెండు నెలలు అంటారు. మన గాలికి అన్నాళ్లు ఉంచితే కొసలు పగిలి ఎండిపోతాయి. జూన్ చివర్లో కొట్టిన కట్టెకు జులై మధ్యలో, అంటే పునర్వసు కార్తెలో విత్తనం పడితే లెక్క సరిగ్గా ఉంటుంది.

2. గింజ స్పాన్‌ను పొట్టు స్పాన్‌గా మార్చుకోండి. గింజలను నేరుగా రంధ్రాల్లో కూరితే చీమలు, ఎలుకలు, ఉడతలు వరస పెట్టి తవ్వుకుంటాయి. మామిడి లేదా సుబాబుల్ రంపపు పొట్టు నాలుగు పాళ్లు, తవుడు ఒక పాలు కలపండి. నీళ్లు చల్లుతూ పిసకండి. గుప్పిట గట్టిగా నొక్కితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. పీపీ (పాలీప్రొపిలీన్, వేడికి ఆగే) సంచుల్లో అరకిలో చొప్పున నింపి, మూతికి దూది బిరడా పెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో సన్నమంట మీద గంటన్నర నుంచి రెండు గంటలు ఉడికించండి. కుక్కర్‌లో నీళ్లు ఇంకిపోకుండా ముందే సరిపడా పోసుకోవాలి. మామూలు పాలిథిన్ సంచి వేడికి కరిగిపోతుంది, అది వద్దు. రాత్రంతా చల్లారాక, ఫ్యాన్ ఆపేసి, తలుపులు మూసి, చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని ఒక్కో సంచికి గుప్పెడు గింజ స్పాన్ కలిపి మూసేయండి. చీకటి గదిలో రెండు మూడు వారాలకు పొట్టంతా తెల్లగా అల్లుకుంటుంది. అంటే ఈ పని దుంగలు కొట్టకముందే, జూన్ మధ్యలోనే మొదలవ్వాలి.

సామిల్లు నుంచి పొట్టు తెచ్చేటప్పుడు ఏ కట్టెదో అడిగి తీసుకోండి. అన్నీ కలిసిన కుప్పలో టేకు, వేప ఉండే ఉంటాయి. ప్లైవుడ్ కోసిన చోట పొట్టులో జిగురు ఉంటుంది, అది అసలే వద్దు.

ఇదంతా పెద్ద టెన్షన్ అనుకుంటే 5వ దశ కింద చెప్పిన పేర్పు పద్ధతి చూడండి. అందులో గింజ స్పాన్ నేరుగా వాడొచ్చు.

3. రంధ్రాలు వేయండి. 12 ఎంఎం బిట్‌తో 3 సెంటీమీటర్ల లోతు. బిట్‌కు ఆ కొలత దగ్గర టేపు చుట్టుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు. దుంగ పొడవునా 12 నుంచి 15 సెంటీమీటర్లకొకటి, వరసకూ వరసకూ మధ్య 6, 7 సెంటీమీటర్లు. పక్క వరసలో రంధ్రం, ఈ వరస రంధ్రాల నడుమకు రావాలి. ఒక్కో దుంగకు 30 నుంచి 35 వస్తాయి. తక్కువ వేస్తే బూజు దుంగంతా పాకడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఈలోగా పరాయి బూజు దూరుతుంది. రంధ్రాలు ఎక్కువైనా నష్టం లేదు.

4. విత్తనం కూరి మైనం మూయండి. శుభ్రమైన చేత్తో పొట్టు స్పాన్‌ను రంధ్రంలో నింపి, బొటనవేలితో కాస్త అదమండి. బెరడు మట్టానికి రావాలి, లోపల గాలి ఖాళీ ఉండొద్దు. వెంటనే కరిగిన మైనం బ్రష్‌తో పూయండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. దుంగ రెండు కొసలకూ, బెరడు లేచిన చోటల్లా కూడా పూయండి.

మైనానికి బదులు పేడ పూయవచ్చా అని అడుగుతారు. వద్దు. పేడలో రకరకాల కుక్కగొడుగుల విత్తనం ఉంటుంది, మీరే చేజేతులా ఎక్కించినట్టవుతుంది. పుట్టమన్ను కూడా అంతే, అది చెదలకు దారి చూపడమే.

5. తూచి, రాసి, నీడలో పేర్చండి. ప్రతి దుంగనూ కాటా వేసి, బరువు, తేదీ రేకు ముక్క మీద గీసి మేకుతో కొట్టండి. పెన్నుతో రాసింది రెండు వానలకు పోతుంది. నేల మీద కాకుండా నాలుగు రాళ్ల మీద, లేదా ఇటుకల మీద దుంగలు పేర్చండి. దుంగకు దుంగకు మధ్య వేలెడు సందు ఉండాలి. పైన గోనె కప్పండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే ఎండ పడ్డ రోజు లోపల ఉడికిపోతుంది.

పేర్పు పద్ధతి: 20 సెంటీమీటర్ల కంటే లావు దుంగ ఉంటే దాన్ని అడుగు పొడవు ముక్కలుగా రెండు, పైన మూతకు నాలుగు వేళ్ల మందం బిళ్ల ఒకటి కోయండి. ముక్కకూ ముక్కకూ మధ్య గుప్పెడున్నర గింజ స్పాన్ పరిచి, ఒకదానిమీద ఒకటి పెట్టి మేకులు కొట్టండి. మొత్తాన్ని, కడిగి ఆరబెట్టిన ఖాళీ బియ్యం సంచిలో దించి మూతి వదులుగా కట్టి, గదిలోనో వసారాలోనో రాళ్ల మీద నిలబెట్టండి. యూరియా సంచి వాడొద్దు. రెండు మూడు నెలలకు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. డ్రిల్ అక్కర్లేదు, మైనం అక్కర్లేదు. మొదటిసారి వాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.

6. జులై నుంచి అక్టోబరు దాకా తడి కాపాడండి. వానలు పడుతుంటే మీకు పనిలేదు. కానీ మన దగ్గర వాన ఒక వారం దంచి, రెండు వారాలు మాయమవుతుంది. ఆ రెండు వారాలే ప్రమాదం. పదిహేను రోజులకోసారి ఒక దుంగను తూచండి. 8 కిలోల దుంగ 6 కిలోల 800 గ్రాములకు దిగిందంటే తడి ఆరిపోతున్నట్టు. వెంటనే తొట్టిలో ఒక రాత్రి నానబెట్టండి. రెండు రోజులు మించి నీళ్లలో ఉంచితే ఊపిరాడక బూజు చస్తుంది. పైపైన నీళ్లు చిలకరించి బెరడు తడిసింది కదా అనుకోవద్దు, లోపలికి చుక్క కూడా పోదు.

నీళ్ల సంగతి. వాన నీళ్లు, చెరువు నీళ్లు, కాలువ నీళ్లు మంచివి. కుళాయి నీళ్లయితే ఒక రాత్రి తొట్టిలో నిలవ ఉంచి వాడండి. మర్రిగూడ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో బోరు నీళ్లు, ఉప్పునీళ్లు వద్దు. మీరు తాగని నీళ్లు మీరు తినబోయేదానికి పోయకండి.

7. తెల్లబడ్డాక పాతండి. విత్తనం పెట్టిన రోజే దుంగను మట్టిలో పాతడం మన నేలల్లో పెద్ద పొరపాటు. బూజు ఇంకా బలపడక ముందే చెదలు, మట్టిలోని వేరే బూజులు వచ్చేస్తాయి. ముందు పైన పెంచాలి, తర్వాత పాతాలి. అక్టోబరు చివర్లో, స్వాతి కార్తె నాటికి దుంగ కొస మీద మైనం గీరి చూడండి. కట్టె తెల్లగా, లేదా తెలుపు మీద పాలిపోయిన పసుపు మచ్చలతో ఉండి, తాజా పుట్టగొడుగుల వాసన వస్తే సిద్ధం. ముందురోజు రాత్రి 12 గంటలు చల్లటి నీళ్లలో నానబెట్టండి. ఈ నానబెట్టడమే కాపుకు పిలుపు కూడా.

గుంత 30 సెంటీమీటర్ల లోతు. అడుగున నాలుగు వేళ్ల మందం చిన్న కంకర. దుంగను నిలువుగా దించి చుట్టూ ఇసుక, చిన్న కంకర కలిపి నింపండి. దుంగకూ మట్టికీ మధ్య అన్ని వైపులా కనీసం నాలుగు వేళ్ల మందం ఇది ఉండాలి. మట్టి నేరుగా తగలకూడదు. చెదలు మట్టిలో దారి కట్టుకుంటాయి కానీ కంకరలో వాటికి కష్టం. పూర్తిగా ఆగుతాయని కాదు, ఆలస్యమవుతాయి, వచ్చినా మీ కంటపడతాయి. మూడోవంతు లోపల, రెండొంతులు బయట. చెలక నేలలో నీళ్లు నిలవవు కాబట్టి ఇంతే చాలు. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ గుంత తవ్వకుండా, అడుగున రంధ్రాలున్న పాత సిమెంటు తొట్టిలో ఇసుక పోసి అందులో పాతుకోవడం మేలు.

నేల మీద గడ్డి పరవండి, తడి నిలుస్తుంది. కానీ దుంగ చుట్టూ జానెడు మేర గడ్డి వేయకుండా వదలండి. గడ్డి దుంగకు ఆనితే అదే చెదలకు వంతెన. ఆ జానెడు జాగాను రోజూ ఒకసారి చూడాలి. పెన్సిల్ లావు మట్టి గొట్టం దుంగ మీదికి ఎక్కుతూ కనిపిస్తే పుల్లతో గీరేసి, ఎక్కడి నుంచి వస్తోందో వెతికి, అక్కడ కంకర మళ్లీ సర్దండి. చెదల మందు మాత్రం పోయొద్దు. కట్టె పీల్చుకున్నది పుట్టగొడుగులోకి, దాన్నుంచి మీ కంచంలోకి వస్తుంది.

8. కాపు కోసం గాలిలో తేమ. దుంగల చుట్టూ నాలుగు కర్రలు పాతి గోనె సంచులు తెరలాగా కట్టి, పొద్దున సాయంత్రం తడపండి. తెర దుంగకు తగలొద్దు. గాలి మాత్రం ఆడాలి. కాడలు పొడుగ్గా సాగి, టోపీ బొత్తాంలా ఉండిపోయిందంటే గాలి చాలడం లేదన్నమాట. టోపీ అంచులు పసుపు తిరిగి పగిలాయంటే తేమ చాలడం లేదు. మొదట ఆవగింజంత మొటిమలు గుంపుగా వస్తాయి. అప్పటి నుంచి నాలుగు నుంచి ఆరు రోజుల్లో కోతకు వస్తాయి. మొటిమల మీద నేరుగా నీళ్లు కొట్టకండి, కుళ్లిపోతాయి.

కోళ్లుంటే వల కట్టండి. పరిచిన గడ్డిని గీరడం మొదలుపెడితే పూటలో పందిరంతా కెలికేస్తాయి. కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. తినకపోయినా పీకి చూస్తాయి. నత్తలను రాత్రి టార్చ్ వేసి ఏరేయడమే, మందు గుళికలు వద్దు.

9. కోయండి. టోపీ అంచు కిందికి వంగి ఉన్నప్పుడే, పైకి తిరగకముందే, గుంపు మొత్తాన్ని మొదట్లో పట్టి మెలితిప్పి తీయండి. ఆలస్యమైతే తెల్లటి పొడి రాలుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. కాపు అయ్యాక మూడు నాలుగు వారాలు దుంగకు విశ్రాంతి ఇవ్వండి. ఆ రోజుల్లో దుంగ మొదలు దగ్గర కొంచెం నీళ్లు పోస్తే చాలు. తర్వాత మళ్లీ గట్టిగా తడిపితే రెండో కాపు.

నేలలో మొద్దు ఉంటే?

మొద్దును కదిలించలేం కాబట్టి మన చేతిలో ఉన్నది సమయం, తడి మాత్రమే. చెట్టు కొట్టి నెల నుంచి నాలుగైదు నెలల లోపు మొద్దయితే ప్రయత్నించండి. ఏడాది దాటిన మొద్దులో ఎవరో ఒకరు కాపురం పెట్టేసి ఉంటారు. మామిడి, సుబాబుల్ మొద్దులు చిగురిస్తాయి. చిగురు వస్తోందంటే మొద్దు బతికే ఉంది. చిగుళ్లు వచ్చినవి వచ్చినట్టు విరిచేస్తూ ఉండండి.

మొద్దు చావాలని కిరోసిన్, ఉప్పు, గడ్డి మందు, బండి ఆయిల్ పోసే అలవాటు ఉంది. అట్లా ఏది పోసినా ఆ మొద్దును మరిచిపోండి. దాని మీద వచ్చింది తినకూడదు.

రంధ్రాలు నడిమధ్య చేవలో వేయొద్దు. చేవ గట్టిది, బూజు దానిలోకి ఆఖరున పోతుంది. బెరడుకు లోపల ఉండే తెల్లచెక్క వలయంలో పైనుంచి, పక్కల్లో నేల మట్టానికి దగ్గరగా వేయండి. విత్తనం కూరి, మైనం పూసి, పైన గోనె పట్టా వేసి, దాని మీద ఆకులు కప్పండి. మొద్దు చుట్టూ జానెడు లోతు కాలువలా తీసి ఇసుక, కంకర నింపితే చెదల రాక కొంత తగ్గుతుంది. పక్కన గాయాలున్న, సగం ఎండిన చెట్టు ఉంటే ఆ మొద్దు మీద వేయకపోవడమే మంచిది. మొద్దు పెద్దది కాబట్టి కాపు ఈ శీతాకాలం రాకపోవచ్చు, వచ్చే వానాకాలం తర్వాత చూడండి.

వచ్చింది మనం వేసినదేనా?

ఈ పరీక్ష ఎన్నిసార్లు తిన్నవాళ్లయినా ప్రతి కాపుకూ చేయాలి. దుంగ ఆరుబయట ఉంది, దాని మీద ఏదైనా మొలవచ్చు.

ఆయిస్టర్ విసనకర్రలా ఉంటుంది. కాడ పొట్టిగా, ఎక్కువగా ఒక పక్కకు ఉంటుంది. టోపీ కింద ఉండే రేకులు కాడ మీదికి దిగుతాయి. కాడకు ఉంగరం ఉండదు, అడుగున గిన్నెలాంటి సంచి ఉండదు. కట్టె నుంచే మొలవాలి. పక్కన మట్టిలోంచి, పరిచిన గడ్డిలోంచి వచ్చినవి ఎంత అందంగా ఉన్నా తీసి పారేయండి. వానాకాలం గడ్డి నేలల్లో పెద్ద తెల్ల గొడుగులు వస్తాయి, పైన గోధుమరంగు పొలుసులతో. వాటిలో ఒకటి తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలు చేస్తుంది.

తర్వాత పొడి పరీక్ష. ముదురు టోపీ ఒకటి కోసి, సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం మీద రేకులు కిందికి వచ్చేలా బోర్లించి, పైన గ్లాసు మూసి రాత్రంతా ఉంచండి. ఆయిస్టర్ పొడి తెల్లగా, లేదా లేత ఊదా కలిసిన బూడిదరంగులో పడుతుంది. పచ్చగా, తుప్పురంగులో, నల్లగా పడితే ఆ గుంపు మొత్తం పారేయండి. తెల్లగా పడితే మాత్రం మంచిదని తేలినట్టు కాదు. ప్రాణం తీసే రకాల్లో కొన్నింటి పొడి కూడా తెల్లనే. అన్ని గుర్తులూ కలవాలి. పసుపు వేసి, వెల్లుల్లి వేసి, వెండి నాణెం వేసి చూసే పరీక్షలు నమ్మకండి. పురుగు తిన్నది మనకూ మంచిదే అనే మాట కూడా తప్పు. అనుమానం ఉంటే పారేయండి, ఒక కూర పోతుంది, అంతే.

మొదటిసారి బాగా ఉడికించి, కొద్దిగా తిని, ఒక రోజు ఆగండి.

తరచూ వచ్చే ఇబ్బందులు

దుంగ మీద చిన్నచిన్న బూడిదరంగు చిప్పలు, వేలిగోరంత, పైన నూగుతో, కింద రేకులు నిలువునా చీలి ఉన్నాయా? అది వేరే బూజు, దుంగను ఆక్రమించింది. మామిడి కట్టె ఎండకు మాడితే ముందు వచ్చేది ఇదే. దుంగకు ఒక పక్కే అది ఉంటే, ఇంకో పక్క మీరు వేసిన బూజు ఇంకా బతికి ఉండవచ్చు, ఒక శీతాకాలం చూడండి. రంగురంగుల చారలతో, తోలులాంటి పలకలు దుంగంతా వస్తే తీసి పక్కన పెట్టేయండి.

ఆకుపచ్చ బూజు రంధ్రాల మూతల దగ్గర కొద్దిగా ఉంటే భయపడక్కర్లేదు, గాలి తగిలేలా పెట్టండి. స్పాన్ సంచిలోనే పచ్చగా, లేదా నారింజ రంగులో కనిపిస్తే ఆ సంచి విప్పకుండా దూరంగా పాతిపెట్టండి. నారింజ బూజు పొడి గాలికి లేచి మిగతా సంచులన్నిటికీ అంటుతుంది.

దుంగ తెల్లగానే ఉంది, నవంబరు దాటినా ఒక్క మొటిమా లేదు అంటే రెండు కారణాలు చూడండి. దుంగ తేలికైందా? అయితే మళ్లీ ఒక రాత్రి నానబెట్టండి. బరువు ఉన్నా రాలేదంటే, వేసిన రకం ఏదో అడగండి. గులాబీ రకం బాగా చలి పడితే ఆగిపోతుంది, సంక్రాంతి దాటాక ఎండ ముదిరినప్పుడు వస్తుంది.

వేసవి గట్టెక్కడం

ఫిబ్రవరి చివర్లో కాపు ఆగిపోతుంది. ఇక్కడితో అయిపోయిందనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. మామిడి దుంగలో ఇంకో ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల సత్తువ మిగిలే ఉంటుంది. కాకపోతే దుంగ లోపల 40 డిగ్రీలు దాటి గంటల తరబడి నిలిస్తే బూజు చస్తుంది. మే నెలలో మన దగ్గర నీడలోనే అంతకు మించి ఉంటుంది.

మార్చి మొదటి వారంలో దుంగలను పెరకండి. మొదలు చెదలు తిన్నదేమో చూసి, తిన్న మేర కోసేయండి. ఇంటికి ఉత్తరం పక్కన, లేదా బాయి గడ్డన చింతచెట్టు కింద దుంగ మునిగేంత గుంత తీసి, అడుగున కంకర, పైన ఇసుక పోసి, దుంగలను అడ్డంగా పడుకోబెట్టి మీద జానెడు ఇసుకతో పూర్తిగా కప్పేయండి. దానిపైన తడిగోనె. మూడు రోజులకోసారి రెండు బిందెల నీళ్లు. వేలు లోపలికి దించితే చల్లగా, తడిగా తగలాలి, బురద కాకూడదు. వారానికోసారి ఒక మూల ఇసుక తోసి చెదలున్నాయేమో చూడండి.

మృగశిర కార్తెకు తీసి తూచండి, రేకు మీద ఉన్న పాత బరువుతో పోల్చండి. బూజు కట్టెను తింటుంది కాబట్టి కొంత తగ్గుతుంది. కానీ గోరుతో నొక్కితే చెక్క పొరలుగా ఊడి, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంటే దాని పని అయిపోయింది. విరిచి మామిడి పాదుల్లో వేసేయండి. గట్టిగా ఉండి, కొసలో తెలుపు కనిపిస్తే మళ్లీ రాళ్ల మీద పేర్చి, స్వాతి కార్తెకు పాతుకోండి.